మలుపు దగ్గర కూత ఎవరిది

రాధారాణి చేతికి గ్లాసు ఇస్తే ముందు గోటితో ఒకసారి కొట్టి వింటుంది, తర్వాతే తాగుతుంది. పుచ్చకాయలూ కొబ్బరికాయలూ అయితే సరే, అందరం కొడతాం. ఆవిడ పింగాణీ కప్పుల్ని కొడుతుంది, పూలకుండీల్ని కొడుతుంది. ఒకసారి మా ఇంట్లో ఊరగాయ జాడీని కొట్టి, "దీని గొంతు బాలేదండీ, మార్చేయండి" అంది.

పిట్స్‌బర్గ్ గుడి క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర పులిహోర తింటూ పరిచయమయ్యాం. వాళ్ళాయన వీరభద్రం పెన్సిల్వేనియా కొండల్లో రైలు నడిపేవాడని ఆవిడ మాటల్లో తెలిసింది. ఆ సంగతులు వినాలని నేనే వాళ్ళ ఊరు ఓవెన్స్ గ్యాప్ వెళ్ళాను. అది రెండువేల పదిహేను. అప్పటికే పట్టాలు పీకేసి, ఆ దారిని జనం నడిచేందుకు చదును చేస్తున్నారు. వీరభద్రం తీరిగ్గా ఇంజన్ల గురించి మొదలుపెట్టాడు. వంటింట్లోంచి ఆవిడ అందుకుంది.

"ఆ ఇంజన్ల సంగతి పుస్తకాల్లో ఉంటుంది లెండి. నా కుళ్ళు సంగతి ఏ పుస్తకంలోనూ దొరకదు. అది వినండి."

ఆయన నవ్వి లేచాడు. "అయితే గడ్డి కోసుకొస్తాను. ఇది అయ్యేలోపు పెరడు మొత్తం అయిపోతుంది" అని బయటికి వెళ్ళిపోయాడు.

వీరభద్రం వాల్తేరు డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసేవాడు. డిట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండే అక్క ఎప్పుడో వేసిన పిటిషన్ కదిలి, పెళ్ళి కాకముందే గ్రీన్ కార్డు మీద వచ్చాడు. డిట్రాయిట్ చుట్టుపక్కల కార్ల విడిభాగాలు చేసే చోట్ల కొన్నాళ్ళు తిరిగాడు. ఏదీ మనసుకి పట్టలేదు. పెన్సిల్వేనియాలో ఒక చిన్న కొండ లైను ఉందనీ, వాళ్ళ దగ్గర ఇంకా పాత ఇంజన్లే ఉన్నాయనీ, వాల్తేరు షెడ్డుకి వచ్చేవాటికి అవి అన్నదమ్ముల వరస అవుతాయనీ ఎవరో చెబితే వెళ్ళి చూశాడు. షెడ్డులో అడుగు పెట్టగానే కాలిన నూనె వాసన తగిలి, ఇక అక్కణ్ణుంచి కదల్లేదు.

చిన్న లైను కాబట్టి అందరూ అన్ని పనులూ చెయ్యాల్సిందే. ఇవాళ రిపేరు చేసినవాడు రేపు బ్రేకులు చూస్తాడు, ఎల్లుండి నడుపుతాడు. బరువైన బండిని ఆ ఘాట్ ఎక్కించడం ఎలాగో, పట్టాలు తడిసినప్పుడు చక్రాలు జారకుండా ఎక్కడ ఇసక వదలాలో, ఎక్కడ వదిలితే వృథానో, అంతా ఆయనకి స్టాన్ హుడాక్ అనే పెద్దాయన నేర్పాడు. రెండువేల ఒకటిలో స్టాన్ గుండె ఆగి పోయాడు. ఆ సీటులోకి వీరభద్రం వచ్చాడు. ఇక్కడ రైలు నడిపేవాణ్ణి ఇంజనీరు అంటారు. "ఆ మాట నాకు మా తోడికోడలి దగ్గర భలే పనికొచ్చింది" అంది రాధారాణి.

వాళ్ళ పెళ్ళి తొంభై ఎనిమిదిలో, ఆయన సెలవు మీద వెళ్ళినప్పుడు జరిగింది. ఆవిడకి వీసా వచ్చింది రెండువేల రెండులో. "నాలుగేళ్ళు ఫోన్‌లో కాపురం చేశానండీ. ఆయన గొంతు తప్ప ఆయన సంగతి నాకేమీ తెలీదు."

ఓవెన్స్ గ్యాప్‌లో వాళ్ళ ఇల్లు కొండ వాలు మీద ఉంది. వంటింటి కిటికీలోంచి చూస్తే కింద లైను తిరిగే పెద్ద మలుపు కనపడుతుంది. మలుపుకి ఆనుకుని, ఆకుపచ్చ వరండా ఉన్న ఇల్లు ఒకటి. చుట్టూ ఇంకే ఇళ్ళూ లేవు. ఆవిడ దిగిన మర్నాడు పొద్దున్న వీరభద్రం లంచ్ డబ్బా తీసుకుంటూ చెప్పాడట.

"సాయంత్రం కొండెక్కి వస్తూ ఆ మలుపు దగ్గర కూత వేస్తాను. అది వినగానే బియ్యం పెట్టెయ్. నేను ఇంజను షెడ్డులో పెట్టి నడిచొచ్చేసరికి అన్నం పొగలు కక్కుతుంటుంది."

రోడ్డు దాటే గేటు దగ్గర వేసే కూతకి రూలుంది. ఎవరు నడిపినా ఒకేలా వెయ్యాలి. మలుపు దగ్గరి కూత అలాంటిది కాదు. ఆ పాత ఇంజన్లలో హారన్‌కి తాడు ఉండేది. లాగే తీరుని బట్టి గొంతు మారుతుంది. అందుకే ఆ లైనులో ఒక్కో డ్రైవరుకి ఒక్కో కూత. ఇంటి దగ్గరికి వచ్చేశానని ఇంట్లోవాళ్ళకి చెప్పుకునే కూత. కంపెనీకి తెలుసు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. వీరభద్రం కూత పొడుగ్గా మొదలై, మధ్యలో రెండు ఎక్కిళ్ళలా తెగి, చివర సన్నగా జారి కొండల్లో కలిసిపోయేదట. ఆవిడ నోటితో అనుకరించి చూపించింది. బయట గడ్డి మెషీన్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

"నాలుగేళ్ళు ఎదురుచూసిన దానికి దేవుడు వడ్డీ ఇచ్చాడనుకున్నాను. ఊరు ఊరంతా వినేలా మొగుడు పిలవడం ఎవరికి జరుగుతుంది చెప్పండి."

తోడికోడలు పద్మజ అమెరికాలోనే అల్ఫారెట్టా అనే ఊళ్ళో ఉండేది. వీరభద్రం తమ్ముడు శశికాంత్‌కి అక్కడ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా పద్మజ దగ్గర చెప్పడానికి ఏదో ఒక కొత్త వస్తువు ఉండేది.

"అక్కా, కొత్తింటి గరాజ్‌లో మూడు కార్లు పడతాయి. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది."

"అంటే మరిది గారు వచ్చినట్టు ఆ తలుపు చప్పుడుని బట్టి తెలుస్తుందన్నమాట."

"అవును."

"మా ఆయనైతే నాకోసం రైలు కూత వేస్తారమ్మా."

"రోజూనా?"

"రోజూ."

తర్వాత పద్మజ మెల్లిగా, "ఈయన ఆలస్యమైతే ఫోనైనా చెయ్యరక్కా" అందట. ఆ ఒక్క మాట మీద తను మూడు నెలలు బతికానని రాధారాణి నాతో అంది.

ఆ ఊరికి ఉన్నది ఒకటే ఫ్యాక్టరీ. ఉక్కు కొలుముల లోపల పేర్చే ఇటుకలు చేస్తారు. కింద లోయలోంచి మట్టీ బొగ్గూ రైల్లో పైకి వస్తాయి, ఇటుకలు కిందికి వెళ్తాయి. రైలు ఫ్యాక్టరీ కోసం, ఫ్యాక్టరీ రైలు కోసం. రాధారాణి వచ్చిన ఏడాదే ఆకుపచ్చ వరండా ఇంటావిడ తలుపు తట్టి, "ఇంట్లో కూర్చుని గోడలు లెక్కపెడతావా, నాతో రా" అని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది. ఆవిడే వెర్నా, స్టాన్ హుడాక్ భార్య. అప్పటికే అరవై దాటింది. తలకి ఎర్ర రుమాలు, నోట్లో ఎప్పుడూ చూయింగ్ గమ్.

వెర్నా పని ఇటుకల గొంతు వినడం. బట్టీలోంచి వచ్చిన ప్రతి ఇటుకనీ చిన్న సుత్తితో కొట్టాలి. మంచి ఇటుక గంటలా మోగుతుంది. లోపల పగులున్నది జలుబు చేసినట్టు పలుకుతుంది. బాగున్నదానికి వెర్నా "పంపేయ్" అనేది. లేనిదాన్ని మాట్లాడకుండా పక్కకి నెట్టేది. అంత పెద్ద చప్పుళ్ళ మధ్య, కళ్ళు మూసుకుని, ఒక్క ఇటుక గొంతు మాత్రమే ఎలా వినాలో ఆవిడ రాధారాణికి నేర్పింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బెంచీ మీద తినేవారు. వెర్నా శాండ్‌విచ్‌లో మాగాయ ముక్క పెట్టుకోవడం నేర్చుకుంది.

"మా మేనత్త ఉండేది, నోరు పెద్దది, చెయ్యి మంచిది. అచ్చం అలాగే ఉండేది వెర్నా. అందుకే తర్వాత నాకు అంత మండింది. ముక్కూ మొహం తెలియని మనిషైతే ఊరుకునేదాన్నేమో."

సాయంత్రం రైలు మలుపు తిరిగేటప్పుడు వెర్నా తన వరండాలోకి వచ్చి చెయ్యి ఊపడం రాధారాణికి కిటికీలోంచి కనపడేది. పాపం, రైలు మనిషి భార్య, అలవాటు పోదు అనుకుని, తను బియ్యం కడుక్కునేది.

ఉక్కు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఇటుకలు అడిగేవాళ్ళు తగ్గారు. ఉన్నవాళ్ళు కూడా ఓడల్లో వచ్చే చవక సరుకు కొన్నారు. ముందు ఒక బట్టీ చల్లారింది. తర్వాత ఇంకొకటి. రాత్రి షిఫ్టు తీసేశారు. రైలు వ్యాగన్లు తగ్గాయి. వెర్నా సుత్తి కింద పెట్టి రైలు పోతున్న చప్పుడు వింటూ, "ఇవాళ బాగా చిన్నది" అనేది. రెండువేల ఎనిమిది చివర్లో ఫ్యాక్టరీ మూసేశారు. ఆఖరి రోజు ఊళ్ళోని ఫైర్ స్టేషన్ హాల్‌లో అందరూ తలా ఒక వంటకం తెచ్చి భోజనాలు పెట్టుకున్నారు. రాధారాణి నిమ్మకాయ పులిహోర పట్టుకెళ్ళింది. అక్కడే, పేపర్ ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా, వెర్నా వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"హనీ, ఎన్నేళ్ళుగానో నీకు ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. నీది పెద్ద మనసు. ఇంకో ఆడదైతే ఒప్పుకునేది కాదు."

"దేనికి ఒప్పుకునేది కాదు?"

"ఆ కూతకి. అది స్టాన్ కూత కదా. మా పెళ్ళైన కొత్తలో నాకోసం కట్టాడు. స్టాన్ పోయాక ఇక ఈ జన్మలో వినననుకున్నాను. మీ భద్రం మొదటిసారి ఒంటరిగా బండి తెచ్చిన రోజు అదే వేశాడు. ఈనాటికీ వేస్తున్నాడు. సొంత భార్య ఉండి, పరాయిదాని కూత వెయ్యనివ్వడం మామూలు సంగతి కాదు."

రాధారాణి నాకు ఈ మాట చెప్తూ చేతిలో లేని ప్లేటు పట్టుకున్నట్టు చేతులు పెట్టింది.

"చుట్టూ అంతమంది. నీకు పెద్ద మనసుందని ఒక మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్తుంటే, లేదండీ నాకు లేదు అని ఎలా అంటాను? 'దానిదేముంది వెర్నా' అన్నాను. నవ్వాను కూడా. పులిహోర ప్లేటు మాత్రం అక్కడే బల్ల మీద వదిలేసి ఇంటికొచ్చేశాను."

ఆ సాయంత్రం వీరభద్రం ఇంటికి వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది.

"అన్నం పెట్టలేదా? కూత వినపడలేదా?"

"వినపడింది. నన్ను కాదుగా పిలిచింది."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను కావాలని చెయ్యలేదే రాణీ. స్టాన్ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆ మలుపు రాగానే చెయ్యి అలాగే వెళ్ళేది. మొదటిరోజు వేశాక చూస్తే ఆవిడ వరండాలోకి పరిగెత్తుకొచ్చింది, చెప్పులు కూడా లేవు. మర్నాడు ఎలా మానేది?"

"నాకు చెప్పొచ్చుగా."

"నువ్వు రాకముందు సంగతి."

"వచ్చాక చెప్పొచ్చుగా. ఆ కూత పెట్టుకుని నేను అల్ఫారెట్టా దాకా టాంటాం చేసుకున్నాను."

"కూత ఒకటే అయినా ఇద్దరికీ పనికొస్తోంది కదా" అన్నాడు. అది అనకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అంటాడట.

"ఆయన చొక్కా ఇంకొకళ్ళు తొడుక్కున్నా నాకింత ఉండేది కాదండీ" అంది రాధారాణి. "చచ్చిపోయిన మనిషి తన పెళ్ళాన్ని పిలుస్తుంటే, ఆ పిలుపుకి నేను లేచి బియ్యం కడిగాను. ఆరేళ్ళు."

అప్పటినుంచి ఆవిడ కూతకి బియ్యం పెట్టడం మానేసింది. కూత వినపడుతుంది, ఆవిడ కుర్చీలోంచి కదలదు. ఆయన గుమ్మంలోకి వచ్చి బూట్లు విప్పాక అప్పుడు లేచి, తీరిగ్గా బియ్యం కొలుస్తుంది. ఆయన స్నానం చేసి, టీవీ చూసి, ఆవలిస్తూ కూర్చునేవాడు. ఒక్కమాట అనేవాడు కాదు. అది ఇంకా మండేది.

ఇంటి మాట ఊళ్ళోకి ఎలా వెళ్ళిందో, ఎంతవరకు వెళ్ళిందో తెలీదు. రాధారాణికి ఒంట్లో బాగుండటం లేదట, భద్రం ఆకలితో ఉంటున్నాడట అని మాత్రం వెర్నా చెవిన పడింది. మర్నాడే పెద్ద గాజు డిష్‌లో క్యాబేజీ, నూడుల్స్ వెన్నలో వేయించి, మూత పెట్టి, కొండెక్కి తెచ్చింది. వాళ్ళ పూర్వీకుల వంట. స్టాన్‌కి ప్రాణమట.

"మొగుడి కూత తీసుకుంది చాలక మొగుడికి అన్నం కూడా పెడుతోంది అనుకున్నాను. తలుపు వేశాక అలా చూస్తూ నిలబడ్డాను."

"పారేశారా?"

"అయ్యో, తిండి ఎలా పారేస్తాం. ఎండుమిరపకాయలూ ఆవాలూ పోపు పెట్టి తిన్నాం. బాగానే ఉంది." మళ్ళీ తనే, "డిష్ మాత్రం తిరిగి ఇవ్వలేదు" అంది.

ఫ్యాక్టరీ పోయాక రైలుకి పని ఏముంటుంది? కాగితం మిల్లుకి వెళ్ళే కలప కొంచెం, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కొంచెం. రోజూ వచ్చే బండి వారానికి రెండుసార్లైంది. షెడ్డులో సగం మందిని తీసేశారు. పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. అలా తగ్గిన కొద్దీ రాధారాణికి కూత మీద పంతం పెరిగింది. రోజూ వచ్చేటప్పుడు పోనీలే అనుకోవచ్చు. వారానికి ఒకటీ రెండూ మిగిలినప్పుడు అవి కూడా ఇంకొకరివైతే తనకేం మిగిలినట్టు?

"ఏవండీ, ఒక్కసారి వేరేది వేసి చూడండి" అని వెంటపడింది.

ఆయన చివరికి ఒకరోజు వేశాడు. ఏదో తోచినట్టు, తాడు ఊరికే లాగి వదిలాడు. రాధారాణి కిటికీ దగ్గరే ఉంది. వెర్నా వరండాలోకి వచ్చి, చెయ్యి సగం ఎత్తి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి చూసింది. బండి పోయాక కూడా అక్కడే నిలబడింది. మర్నాడు కిరాణా కొట్లో కనపడి, "నిన్న ఎవరు నడిపారు? భద్రానికి ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

"మీకేమనిపించింది?" అన్నాను.

"సంతోషమేసిందండీ. అబద్ధమెందుకు? ఇంటికొచ్చి పాయసం చేసుకున్నాను."

కానీ ఆ వారం మలి ట్రిప్పులో ఆయన మళ్ళీ స్టాన్ కూతే వేశాడు. అడిగితే, "చెయ్యి వినలేదు" అన్నాడు. పాయసం ఖర్చు వృథా అయింది.

రెండువేల పన్నెండు వచ్చేసరికి వారానికి ఒక్క బండి, దానికి మూడో నాలుగో వ్యాగన్లు. ఆ వసంతంలో రాధారాణి ఒకటి గమనించింది. కూత వినపడుతోంది, బండి పోతోంది, వెర్నా వరండాలోకి రావడం లేదు. మొదట సంతోషించింది. ఇద్దరి మధ్యా ఏదైనా మాట వచ్చిందా అని భర్త మొహం చూసింది. ఏమీ లేదు. అసలు సంగతేమిటో తెలుసుకోవాలని, ఏళ్ళ తరబడి అలమారాలో ఉన్న గాజు డిష్ బయటికి తీసింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా, రవ్వకేసరి చేసి నింపి, సరిగ్గా బండి వచ్చే వేళకి కొండ దిగింది.

వెర్నా చాలా బలహీనపడింది. టీవీలో బొమ్మలు కదులుతున్నాయి, కింద అక్షరాలు పోతున్నాయి, చప్పుడు లేదు. రాధారాణి మాట్లాడుతుంటే పెదవుల వంక చూస్తోంది. కేసరి ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ఇందులో యాలకులు వేశావా అని అడుగుతుండగా, కిటికీ కింద కూత మోగింది. అంత దగ్గర్నుంచి రాధారాణి ఎప్పుడూ వినలేదు. గుండెల్లో కొట్టినట్టైంది. వెర్నా మాత్రం యాలకుల గురించే మాట్లాడుతోంది. ఇంజను కిటికీని దాటుతుంటే కంటపడి, "అరే, వచ్చేశాడా" అని లేవబోయింది. లేచి వరండా చేరేసరికి ఆఖరి వ్యాగన్ పోతోంది.

తలుపు మూసుకుపోకుండా వెర్నా పాత ఫ్యాక్టరీ ఇటుక ఒకటి అడ్డం పెట్టుకునేది. ఆవిడ అటు తిరిగి ఉండగా రాధారాణి వంగి, చెంచాతో ఆ ఇటుకని కొట్టింది. గంటలా మోగింది. వెర్నా తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టింది. తిరగలేదు.

జీవితమంతా బట్టీల పక్కన పనిచేసిన చెవులు. ఎప్పటినుంచి పోయాయో ఎవరికీ చెప్పలేదు. బరువైన బండి కొండెక్కుతుంటే అలమారాలో కప్పులు అదిరేవి, నేల వణికేది. అది చూసి వరండాలోకి వచ్చేది. వ్యాగన్లు తగ్గాయి, కప్పులు అదరడం మానేశాయి.

తిరిగి వచ్చి కూర్చుని వెర్నా, "ఈ మధ్య భద్రం మెల్లగా వేస్తున్నాడు. ఆ తాడు అరిగిందేమో, చూసుకోమను" అంది.

"చెప్తాను" అంది రాధారాణి.

కొండెక్కి ఇంటికి వస్తుంటే ఆవిడకి తట్టిన మొదటి ఆలోచన జాలి కాదట. ఇక ఆ కూత వినేది ఊళ్ళో నేనొక్కదాన్నే అనిపించిందట.

సెప్టెంబర్లో కంపెనీ లైను మూసేస్తున్నట్టు చెప్పింది. షెడ్డులో మిగిలిన వ్యాగన్లని అక్టోబర్‌లో కిందికి చేరవేసి, వీరభద్రం చివరిసారి ఒక బండి పైకి తెచ్చి ఇంజను అప్పగించాలి. ఆ కబురు వచ్చిన సాయంత్రం భోజనాల దగ్గర రాధారాణి చెప్పేసింది.

"వెర్నాకి చెవులు వినపడవు. ఈ ఆఖరిసారైనా నాది వెయ్యండి."

ఆయన చాలాసేపు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "వినపడకపోతే వెయ్యకూడదా?" అన్నాడు.

"వినపడే నాకు ఎప్పుడు వేశారు?"

ఆ మాటకి ఆయన తల దించుకున్నాడు. తర్వాత అడిగాడు. "సరే, నీది ఎలా ఉండాలి?"

రాధారాణి నాలుగేళ్ళు పోట్లాడింది గానీ తన కూత ఎలా ఉండాలో ఒక్కరోజూ ఆలోచించలేదు. ఎదురుగా ఉన్న గరిటె తీసి, ఊరికే బల్ల మీద కొట్టింది. ఒకటి కొట్టి ఆగింది. వెంటనే రెండు. మళ్ళీ ఆగి, ఇంకొకటి. ఇటుకని ఎప్పుడూ అలాగే కొట్టేది. ఒకసారి కొట్టి వినడం, అనుమానం తీరడానికి రెండు, పంపేసే ముందు ఒకటి.

"ఆఖరిది పొడుగ్గా" అంది.

ఆ తర్వాత ఆయన గరాజ్‌లో నోటితో కూత వేసుకుంటూ తిరగడం విని ఆవిడ నవ్వుకునేది. కానీ వేస్తానని మాత్రం ఆయన మాటివ్వలేదు. అడిగితే, "చూద్దాం, చెయ్యి వింటుందో లేదో" అనేవాడు.

ఆఖరి బండి వచ్చే రోజు చెట్లన్నీ ఎర్రబడి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ రైలు వంక చూడనివాళ్ళు కెమెరాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. రాధారాణి అటు వెళ్ళలేదు. వెర్నా ఇంటికి వెళ్ళి, ఆవిడని సమయానికి వరండాలోకి తీసుకొచ్చి, పక్కన నిలబడింది.

"మంచిపని చేశారు" అన్నాను.

"మంచీ లేదు, ఏమీ లేదు. ఆవిడ పక్కనే నిలబడి, ఆవిడకి వినపడని నా కూత నేను వినాలనిపించింది. అంత కుళ్ళు నాది. రాసుకోండి కావలిస్తే."

ఇంజను మలుపు తిరిగింది. కిటికీలోంచి వీరభద్రం చెయ్యి పైకి వెళ్ళి తాడు పట్టుకోవడం ఇద్దరికీ కనపడింది. కూత వచ్చింది. పొడుగ్గా, మధ్యలో రెండు ఎక్కిళ్ళు, చివర జారుడు. స్టాన్‌ది. వెర్నా నవ్వుతూ చెయ్యి ఊపింది. రాధారాణి వరండా కమ్మీ పట్టుకుంది. ఇంజను వాళ్ళని దాటబోతోంది. అప్పుడు ఆ చెయ్యి మళ్ళీ పైకి వెళ్ళింది. ఒకటి. ఆగి, రెండు. ఆగి, ఇంకొకటి, బండి చెట్లలోకి వెళ్ళేదాకా పొడుగ్గా.

వెర్నా ఆవిడ వైపు తిరిగింది. "రెండుసార్లు లాగాడే. నేను చూశాను. స్టాన్ ఎప్పుడూ ఒకసారే లాగేవాడు."

పెదవులు కనపడేలా రాధారాణి ఎదురుగా నిలబడి చెప్పింది. "మొదటిది నీది. రెండోది నాది."

"నీది రోజూ ఉండేదిగా. గేటు దగ్గర వేసేవాడు."

"అది గేటు కూత. రూలు. అందరికీ వేసేదే."

వెర్నా ఆవిడ వైపు ఒక అడుగు వేసింది. "అంటే ఇన్నేళ్ళూ నీకు లేదా?"

"లేదు."

"మరి ఎలా ఊరుకున్నావు?"

"ఊరుకోలేదు. నాలుగేళ్ళు ఆయనకి వేళకి అన్నం పెట్టలేదు."

వెర్నా నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చి, కుర్చీలో కూలబడి కూడా నవ్వింది. కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. "ఎలా ఉందో చెప్పు మరి, నాకు వినపడదని నీకు తెలుసుగా." రాధారాణి కనిపెట్టేసిన సంగతి వెర్నాకీ తెలుసన్నమాట.

రాధారాణి ఆవిడ మణికట్టు పట్టుకుని వేలితో కొట్టింది. ఒకటి, ఆగి రెండు, ఆగి ఇంకొకటి, వేలు ఎత్తకుండా నొక్కి. వెర్నా ఇటుకల దగ్గర కూర్చున్నట్టే కళ్ళు మూసుకుని ఉంది. తర్వాత తల ఊపింది.

"పంపేయ్" అంది.

అక్కడితో కథ అయిపోయిందనుకుని నేను టీ కప్పు కింద పెట్టాను. గడ్డి మెషీన్ కూడా ఆగింది. వీరభద్రం చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చి, "ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు. వెర్నా నిరుడు ఎరీ అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. తలుపు దగ్గరి ఇటుక ఇప్పుడు వీళ్ళ వంటింటి తలుపు దగ్గర ఉంది.

"ఇంకోటి ఉందండీ" అంది రాధారాణి, ఆయన వినేలాగే. "ఆ రోజు వెర్నా నా చెయ్యి తీసుకుని, స్టాన్ కూత ఎలా ఉంటుందో తనూ కొట్టి చూపించింది. మధ్యలో ఆ రెండు ఎక్కిళ్ళు ఉన్నాయే, వాటి మధ్య చిన్న విరుపు ఉంది. ఈయన ఎప్పుడూ పట్టుకోలేదు దాన్ని. ఇన్నేళ్ళూ నేను విన్నది అసలుది కానే కాదు."

"అయితే?" అన్నాను.

"అయితే ఏముంది, నాదానికంటే ఆ అసలుదే బాగుంది" అంది, బియ్యం డబ్బా మూత గోటితో కొడుతూ. "ఇప్పటికీ మండుతుంది నాకు."